పోయాక పెట్టే పేరు

బతికున్నవాళ్ళకి బిరుదులు తగిలిస్తే ఏదో సరదా అని సరిపెట్టుకోవచ్చు. పోయినవాళ్ళని కూడా వదలకపోతే ఏమనాలండీ? ఆ ఉదయం ఫోన్లో రాఘవులు గారి గొంతు వింటూ ప్రమోద అనుకున్నదదే.

రాఘవులు గారు అమెరికాలో, ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఒక తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఎప్పుడు ఫోన్ చేసినా సభలో మైకు ముందు నిలబడ్డట్టే మాట్లాడతాడు.

"అమ్మా, కమిటీ డిసైడ్ చేసేసింది. మన డాక్టర్ అచ్యుతరావు గారికి మరణానంతరం 'కారుణ్య చక్రవర్తి' బిరుదు ఇస్తున్నాం. ఎలాగూ మీ మనవడి బారసాలకి అందరూ వస్తారు కదా, అక్కడే అనౌన్స్ చేసేద్దాం. బాబుకి తాతగారి పేరే పెడుతున్నారని మీ అబ్బాయి అనూప్ చెప్పాడు. ఎంత బాగుంటుందో చూడండి! మళ్ళీ ఆయనే వచ్చినట్టు ఉంటుంది మాకు."

"చూద్దాం లెండి," అని ఫోన్ పెట్టేసి ప్రమోద సింకు దగ్గరకెళ్ళి చేతులు సబ్బు పెట్టి కడుక్కుంది. చేతులకేమంటిందని కడుక్కుందో ఆవిడకే తెలియదు.

కారుణ్య చక్రవర్తి! ఈ బిరుదుల పిచ్చి ఏమిటో, సముద్రాలు దాటొచ్చినా వదల్లేదు మనవాళ్ళని. ఇక్కడ నలుగురి ముందు ఒక పాట పాడితే గానసామ్రాట్, రెండు జోకులేస్తే హాస్యబ్రహ్మ. పులిహోర బాగా కలిపే ఒకాయనకి 'నలమహారాజ' అని శాలువా కప్పారు, నిజంగానే. శాలువాలు కూడా కొత్తవి కావు, ఒకరికి కప్పినవి ఉతికి మరొకరికి కప్పుతారు. ఇంటికి పోయి భార్య మీద అరిచేవాడు కూడా, స్టేజీ ఎక్కితే సౌజన్యమూర్తి. ఛీ, రోత పుట్టదూ!

ప్రమోద ముప్ఫై ఏళ్ళుగా ఈ సభల్లో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆవిడది గుంటూరు. బోటనీలో ఎమ్మెస్సీ చేసింది, ఒక కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు కూడా చెప్పింది. ఆకు ముట్టుకుని చెట్టు పేరు, దాని కుటుంబం, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేది. పెళ్ళయి ఈ దేశం వచ్చాక ఆ చదువు పెరట్లో కరివేపాకు మొక్కకి పరిమితమైపోయింది. భర్త అచ్యుతరావు గుండె డాక్టరు. హస్తవాసి మంచిదని పేరు. తెలుగువాళ్ళెవరికి ఛాతీలో నొప్పొచ్చినా ముందు ఆయనకే ఫోన్. ఆదివారమని లేదు, పండగని లేదు, చూసేవాడు. అబద్ధమెందుకు, రాఘవులు గారిని బతికించింది ఆయనే.

ఇంట్లో ఆయన వేరే మనిషి. గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడు వినిపిస్తే చాలు, టీవీ ఆగిపోయేది, కూతురు రచన హోమ్‌వర్క్ తీసేది, కొడుకు అనూప్ నవ్వుతున్నవాడల్లా నోరు మూసుకునేవాడు. కూర చల్లారిందని ఒకసారి కంచం గోడకేసి కొట్టి, ఆ మెతుకులు ప్రమోద చేత ఒక్కొక్కటే ఏరించాడు. ఏరుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోన్లో ఎవరికో ఎంతో నెమ్మదిగా ధైర్యం చెప్పాడు. ఆ నెమ్మదైన గొంతు తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే నమ్మేదెవరు? రచన కాలేజీకని వెళ్ళి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అనూప్ ఉండిపోయాడు. మాట పూర్తిచేసే లోపలే క్షమాపణ చెప్పే అలవాటొకటి పట్టుకుంది వాడికి.

ఆయన పోయి సంవత్సరీకం దాటాక ప్రమోద చేసిన మొదటి పని, ఆయన కూర్చునే తోలు కుర్చీని ఈడ్చుకెళ్ళి వీధి చివర పెట్టి, దాని మీద 'ఫ్రీ' అని రాసిన అట్టముక్క అంటించడం. హమ్మయ్య అనుకుంది. వారం తిరక్కుండా సంఘం ఆఫీసుకెళితే ఏముందక్కడ? అదే కుర్చీ! రాఘవులు గారు కారులో వెళుతూ చూసి, ఎత్తించుకొచ్చి, పూలదండ వేసి పెట్టాడు. "ఆ మహానుభావుడు కూర్చున్న కుర్చీ అమ్మా, మీరు దుఃఖంలో చూసుకోలేదు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ప్రమోద బయటికొచ్చి కారులో కూర్చుని ఎంతసేపు అద్దాలు దించుకున్నా ఆ తోలు వాసన పోలేదు.

ఇప్పుడు ఆయన పేరు పసివాడికి పెడతారట.

తాత పేరు మనవడికి పెట్టడం మనకి మామూలే, ఎవరూ తప్పుపట్టేది కాదు. కానీ వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఉయ్యాల మీదికి వంగి "అచ్చం ఆయనే! ఆ నుదురు చూడండి, ఆ చూపు చూడండి! తాతే తిరిగొచ్చాడు," అంటారు. ఆ మాట తలుచుకుంటేనే ప్రమోదకి కంపరమెత్తింది. పాలకి నోరు తెరిచే ఆ పసిగుడ్డు ముఖంలోకి ఆయన్ని తెచ్చి కూర్చోబెడుతున్నారు. ఇక రేపటి నుంచి 'అచ్యుత్, రా! అచ్యుత్, తిను!' అని తనే పిలవాలి. ఆ పేరుతో వాణ్ణి ముద్దు పెట్టుకోవాలి. తనవల్ల అవుతుందా?

కోడలు వెన్‌జింగ్ చైనావాళ్ళమ్మాయి. పుట్టింది, పెరిగింది అంతా ఇక్కడే. వాళ్ళ నాన్న షెన్ గారు రిటైరైన ఇంజనీరు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మనవణ్ణి చూడటానికి రోజూ వస్తాడు, వస్తూ నారింజలో, పచ్చి చిక్కుడుకాయలో పట్టుకొస్తాడు. ఆయనా ప్రమోదా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషులో కబుర్లాడుకుంటారు. ఇద్దరికీ అది నేర్చుకున్న భాషే కాబట్టి తొందరపడకుండా మాట్లాడుకుంటారు.

రాఘవులు ఫోన్ చేసిన రోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రమోద అడిగింది, "మీలో పిల్లలకి పేరెలా పెడతారు?"

షెన్ గారికి ఉత్సాహమొచ్చేసింది. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు అన్నాడు. అది మాకూ అంతే అంది ఆవిడ. కొన్ని వంశాలకి ఒక పద్యం ఉంటుందట. తరానికొక అక్షరం చొప్పున ఆ పద్యంలోంచి తీసుకుని అన్నదమ్ముల పిల్లలందరి పేర్లలోనూ అదే పెడతారట. పేరు వింటే ఎవరు ఏ తరమో తెలిసిపోతుంది. మిగతా అక్షరం తల్లిదండ్రులు కోరుకున్నది.

"మా అమ్మాయి పేరుకి 'నెమ్మదైన, చదువుకున్న పిల్ల' అని అర్థం," అన్నాడు. లోపల గదిలో వెన్‌జింగ్ ఫోన్లో ఎవరితోనో కేకలేసి పోట్లాడుతోంది. "చదువు వరకు కుదిరింది."

ప్రమోద నవ్వింది. ఆయన ఇంకా హుషారై తన చిన్ననాటి పేరు చెప్పాడు. పిల్లలు పుట్టి పోతుంటే దిష్టి తగలకుండా నీచమైన పేరు పెట్టేవాళ్ళట. ఆయన్ని వాళ్ళ నాయనమ్మ 'కుక్కగుడ్డు' అని పిలిచేదట.

"కుక్క గుడ్డు పెట్టదు కదండీ!"

"అందుకే కదా, దెయ్యాలకి నేనెవరో అర్థంకాలేదు."

"మాకూ ఉన్నారు, పెంటయ్యలు, పుల్లయ్యలు," అంది ప్రమోద కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతూ. "పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్ళు."

కాసేపు నవ్వుకున్నాక ఆయన ఈనె తీయడం ఆపాడు. "మిసెస్ రావ్, ఒక మాట. బాబుకి మీ వారి పేరని విన్నాను. మీ పద్ధతి మీది, కాదనను. కానీ మాలో పెద్దల పేరు పిల్లలకి పెట్టరు. తప్పు. తాత పేరుతో పిల్లాణ్ణి తిడితే తాతని తిట్టినట్టు కాదూ? రాజుల కాలంలో అయితే చక్రవర్తి సొంత పేరులో ఉన్న అక్షరం ఎవరూ రాయకూడదు, పలకకూడదు. అదే అక్షరం ఊరి పేరులో ఉంటే ఊరి పేరే మార్చేవాళ్ళు."

"మరి వాళ్ళని ఏమని పిలిచేవాళ్ళు?"

"బతికున్నంత కాలం బిరుదుతో. పోయాక ఇంకో పేరు పెట్టేవాళ్ళు. ఆయన ఎలా ఏలాడో కొలువులో పెద్దలు కూర్చుని ఆలోచించి, ఒక్క మాటలో తేల్చేవాళ్ళు. చరిత్రలో ఆ పేరే నిలుస్తుంది."

"అంటే పొగడ్తే కదా? మావాళ్ళు చేసేదీ అదే," అంది ప్రమోద మూతి విరుస్తూ.

"అన్నీ పొగడ్తలు కావు. మంచివాడైతే మంచి పేరు, చెడ్డవాడైతే చెడ్డ పేరు. ఒక రాజుండేవాడు. తనని ఎవరేమన్నా చంపించేవాడు. జనం దారిలో ఎదురుపడితే మాట్లాడుకోడానికి భయపడి కళ్ళతో సైగ చేసుకుని పోయేవాళ్ళు. చివరికి తరిమేశారు. పోయాక అతనికి పెట్టిన పేరు 'లీ'. క్రూరుడు అని. మూడువేల ఏళ్ళు కావస్తోంది, అసలు పేరు చరిత్ర చదివినవాళ్ళకే తెలుసు. అందరికీ అతను లీ రాజే."

ప్రమోద చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కళ్ళతో సైగలు! తనూ, రచనా, అనూప్ భోజనాల బల్ల దగ్గర అన్నేళ్ళు చేసినదదే కదా.

"ఆ పద్ధతి ఎవరూ మాన్పించలేదా?"

"మొట్టమొదటి చక్రవర్తి మాన్పించాడు. రాజు అన్న మాట సరిపోక, పూర్వపు దేవతల్లాంటి ఏలికల బిరుదులు రెండు కలిపి 'హువాంగ్‌డీ' అని తనకి తనే కొత్త బిరుదు పెట్టుకున్నాడు. కొడుకు తండ్రి మీద తీర్పు చెప్పడమేమిటి, కొలువువాళ్ళు రాజుని తూచడమేమిటని ఆ పేర్లు రద్దుచేశాడు. తర్వాతి వంశం వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది."

షెన్ గారు కథ చెప్పి ఊరుకున్నాడు. ఎందుకు చెప్పాడో, ఏం గ్రహించాడో ఆవిడ అడగలేదు. ఆ పూట కూరలో రెండుసార్లు ఉప్పేసింది.

సాయంత్రం అనూప్ ఆఫీసు నుంచి రాగానే కూర్చోబెట్టి అడిగింది. "నీకు ఆ పేరు ఇష్టమేనా? నిజం చెప్పు."

"సారీ అమ్మా, ఐ మీన్... రాఘవులు అంకుల్ అడిగితే ఓకే అనేశాను. అందరూ ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు."

"వెన్‌జింగ్ ఏమంది?"

"తనకి శ్రేయాస్ ఇష్టం. నాకూ... కానీ ఇట్స్ జస్ట్ ఎ నేమ్, అమ్మా. లెట్ ఇట్ గో. మనం కాదంటే వై అని అడుగుతారు. అప్పుడు ఏం చెప్తాం?"

"ఏం చెప్తాం!" ప్రమోదకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అని చెప్పను? పోయినాయన మీదా, పొగిడేవాళ్ళ మీదా, ముప్ఫై దాటినా తల వంచుకుని కార్పెట్ చూస్తున్న కొడుకు మీదా, వాణ్ణలా చూస్తూ ఊరుకున్న తన మీదా. అందరి మీదా రోతే పుట్టింది. "సరే, తిను," అని లేచిపోయింది.

బారసాల గుడి పక్కన హాల్లో. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఫ్లెక్సీ. దాని మీద సూటు వేసుకుని చెయ్యెత్తి దీవిస్తున్న అచ్యుతరావు. చుట్టూ లైట్లు. కింద 'కారుణ్య చక్రవర్తి' అని బంగారు రంగులో, దాని కింద రెండు చైనా అక్షరాలు. ఉయ్యాలకి కట్టిన పూలకంటే ఆ ఫ్లెక్సీకి కట్టిన పూలే ఎక్కువ.

రాఘవులు గారు షెన్ గారి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చాడు. "మీ గౌరవార్థం సార్! మీ భాషలో కూడా రాయించాం. హువాంగ్‌డీ! ఎంపరర్! కరెక్టేనా?"

షెన్ గారు ఆ అక్షరాలు చూశాడు. కింద 'జూనియర్ అచ్యుతరావుకి స్వాగతం' అన్నది ఇంగ్లీషులో చదివాడు. ఆయన చెల్లెలు, ఆమె భర్త కూడా వచ్చారు. వాళ్ళు ముఖాలు చూసుకుని నేల చూశారు. పోయిన పెద్దాయన పేరు ఉయ్యాల్లో పిల్లాడికి తగిలించి, దాని మీద చక్రవర్తిని ఎక్కిస్తే వాళ్ళకెలా ఉంటుంది? "అక్షరాలు బాగా రాశారు," అన్నాడు షెన్ గారు. మర్యాదస్తుడు.

ప్రమోదకి ఓ పక్కగా కుర్చీ వేశారు. పెద్దావిడ, అలసిపోతారని వంక. భర్త పోయినావిడ పీటల దగ్గరికి రాకూడదని అసలు సంగతి. తెలియదనుకున్నారు కాబోలు! రాఘవులు గారు మైకు పట్టుకున్నాడు. తన గుండె నొప్పి దగ్గర మొదలెట్టి, డాక్టర్ గారి దయ, దానం, చిరునవ్వు అన్నీ వర్ణించాడు. "ఆయన ఇల్లు ఒక దేవాలయం. ఏనాడూ ఒక్క పరుషమైన మాట ఆ ఇంట వినబడలేదు!" అన్నాడు. చప్పట్లు. ఎందుకు వినబడలేదో ఆ ఇంట్లోవాళ్ళకి తెలుసు.

పురోహితుడు పళ్ళెంలో బియ్యం పోసి చదును చేశాడు. అనూప్ చేతికి ఉంగరం ఇచ్చి, బియ్యంలో పేరు రాయమన్నాడు. వెన్‌జింగ్ ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. అనూప్ వంగాడు. 'అ' రాశాడు. ఆగి, ఫ్లెక్సీ వైపు ఒకసారి చూశాడు. గబగబా 'చ్యు' రాశాడు.

ఆ చూపు ప్రమోద చూసింది. గరాజ్ తలుపు లేచినప్పుడు చూసే చూపే అది.

లేచింది. ఎవరో "ఆంటీ, మీరు కూర్చోండి," అన్నారు. వినిపించుకోలేదు. పీటల దగ్గరికెళ్ళి, పళ్ళెంలో అరచెయ్యి పెట్టి, బియ్యం అంతా ఒక్కసారి చదును చేసేసింది.

పురోహితుడు ముక్కున వేలేసుకున్నాడు.

"ఈ పేరు నా మనవడికి వద్దు," అంది ప్రమోద.

"అమ్మా, ఎమోషనల్ అవుతున్నారు. ఎవరైనా వాటర్ తెండి," అన్నాడు రాఘవులు, మైకు ఇంకా నోటి దగ్గరే పెట్టుకుని.

"నాకేం నీళ్ళొద్దు. ఆ మైకు ఇటివ్వండి." తీసుకుంది. "మీరందరూ ఆయన్ని ఈ హాల్లో చూశారు. మేం ఇంట్లో చూశాం. లెక్కల్లో బి వచ్చిందని చలికాలంలో ఈ అనూప్‌ని గరాజ్‌లో నిలబెట్టి లోపల గడియ పెట్టాడు ఆయన. నేను తలుపు తియ్యబోతే నా చెయ్యి విరిచాడు. మెట్ల మీద జారానని మీ అందరికీ చెప్పాను. మీరు పూలు పట్టుకొచ్చారు. నా కూతురు ఈ రోజు ఇక్కడ ఎందుకు లేదో ఒక్కరైనా అడిగారా? పోయినవాళ్ళకి పేరు పెట్టాల్సింది వాళ్ళ కింద బతికినవాళ్ళు. బతికింది మేం. మేం పెట్టే పేరు క్రూరుడు. మీ కారుణ్య చక్రవర్తిని మీ ఆఫీసులో, ఆ కుర్చీలో కూర్చోబెట్టుకోండి."

రాఘవులు ముఖం పాలిపోయింది. "నన్ను బతికించారమ్మా ఆయన," అన్నాడు. ఈసారి మైకు లేదు, సభ గొంతు లేదు.

"బతికించారు. నేను కాదనను. మీ ఇంట్లో ఫోటో పెట్టుకుని దండం పెట్టుకోండి. నా మనవడి నెత్తిన మాత్రం పెట్టకండి."

ఒక వరుస లేచి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ "ఇంటి గుట్టు ఇలా రచ్చకీడుస్తారా, పోయినాయన్ని పట్టుకుని! ఏం మనిషండీ," అని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళలో ఇద్దరు భోజనాల బల్ల దగ్గర ఆగి బొబ్బట్లు పొట్లం కట్టుకుని మరీ వెళ్ళారు. అంత అసహ్యంలోనూ ప్రమోదకి నవ్వొచ్చినంత పనయింది. వెనక వరుసలో ఒక ముసలావిడ మాత్రం కదల్లేదు. కొంగుతో ముఖం ఒత్తుకుంటూ ప్రమోదనే చూస్తోంది. షెన్ గారు లేచి, ఎవరినీ అడక్కుండా, ఫ్లెక్సీ చుట్టూ ఉన్న లైట్ల వైరు గోడలోంచి పీకేశాడు.

అనూప్ ఇంకా వంగే ఉన్నాడు. ఉంగరం వేళ్ళ మధ్యే ఉంది.

"రాయరా," అంది ప్రమోద వాడి పక్కన కూర్చుని.

"అమ్మా, సారీ... నువ్వు రాకపోతే రాసేసేవాణ్ణి. నాకు అస్సలు ఇష్టం లేదు. అయినా రాసేసేవాణ్ణి."

"ఆయన లేడు కదరా. ఎవరికి భయం?"

"తెలీదు," అన్నాడు వాడు.

ప్రమోద వాడి చేతి మీద చెయ్యి వేసి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బియ్యంలో రాశారు. 'శ్రే' వంకరపోయింది. వెన్‌జింగ్ వంగి చూసి తల ఊపింది.

"ఇప్పుడు పిల్లాడి చెవిలో మూడుసార్లు చెప్పండి బాబూ," అన్నాడు పురోహితుడు, త్వరగా ముగిస్తే చాలన్నట్టు.

అనూప్ వంగాడు. మొదటిసారి పెదాలు కదిలాయి కానీ మాట పైకి రాలేదు. రెండోసారి పక్కన కూర్చున్న తల్లికి మాత్రం వినిపించింది. మూడోసారి ఏమయిందో, లోపలెక్కడో పట్టేసినది ఊడినట్టయి, "శ్రేయాస్!" అని హాలంతా మోగేలా అన్నాడు.

పిల్లాడు ఉలిక్కిపడి లేచి, పిడికిళ్ళు బిగించి, గుక్కపట్టి ఏడుపు లంకించుకున్నాడు.

"సారీ, సారీ," అంటూ అనూప్ కంగారుగా వాడి నోటి మీదికి చెయ్యి తీసుకెళ్ళాడు.

ప్రమోద ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనీరా. మనింట్లో ఇన్నేళ్ళకి ఒకరు గట్టిగా ఏడుస్తున్నారు."